బతికినవాటి లెక్క

ఫారం మీద మూడో గడి: పుట్టిన తేదీ.
కేతావత్ కీలి ఆ గడిని
బస్సులో ఖాళీ సీటుందా అని చూసినట్టు చూసి
"మీరే ఏదో ఒకటి రాయుండ్రి సార్" అంది.

సైఫాబాద్‌లో మా ఆఫీసు రెండో అంతస్తు.
కింద లక్డీకాపూల్ వైపు పోయే హారన్లు,
పైన నా ఫ్యాను, మూడో నంబరు దాటితే
కాగితాలన్నీ లేచి నిలబడే ఫ్యాను.
చిలుకూరు దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది
ఉన్న కాగితాలన్నీ పాలప్యాకెట్ కవర్లో చుట్టుకుని.

కొత్త జీవో వచ్చింది కదా.
యాభై ఎనిమిది దాటిన అడవి దినకూలీలు
తమంతట తాము పని మానుకుంటే
ఏడాదికి పదిహేను రోజుల కూలి చొప్పున
సర్కారు ఒకేసారి ఇస్తుంది.
"తమంతట తాము" అన్న చోట ఆమె మోకాలు నొక్కుకుంది.
మోకాలు కూడా దరఖాస్తుదారే అన్నట్టు.

ఆధార్‌లో జనవరి ఒకటి.
వాళ్ల తండాలో అందరూ జనవరి ఒకటినే పుట్టారు.
ఏడు మాత్రం తప్పు. దాని ప్రకారం
ఆమెకింకా నలభై తొమ్మిది.
వేలిముద్ర మిషను నాలుగుసార్లు కాదంది.
నర్సరీ కవర్లలో ఎర్రమట్టి కూరిన వేలు,
లాంటానా పీకిన వేలు,
ఎవరో రబ్బరుతో తుడిచినట్టుంది.

అప్పుడడిగాను, ఊరికే.
మొదటిరోజు ఏం నాటావు?
తడుముకోలేదు.
"టేకు స్టంపులు. గుట్టెనక, మూడో బ్లాకు.
ఆ యేడు వాన పడలే. బిందెలతోని పోసినం.
నా పెద్దోడు అప్పుడు చంకల."

రికార్డు గదిలోకి వెళ్లాను.
మా దగ్గర చెట్లకి పుట్టిన తేదీలుంటాయి:
నాటిన దినం, గుంత లోతు, వరసల ఎడం,
ఏడాది తిరిగాక బతికినవాటి శాతం.
చెదలు వదిలేసిన పేజీల్లో మూడో బ్లాకు,
జులై పద్నాలుగు, ఎనభై ఆరు.
దాని వెనక మస్టరు, కూలి పక్కన నిషానీ,
నీలం సిరాలో ఒక బొటనవేలు.
గీతలన్నీ ఉన్నాయి,
గుట్టచుట్టూ తవ్విన కాంటూరు కందకాల్లా
ఒకదాని వెంట ఒకటి.

తెచ్చి ముందు పెడితే ముట్టుకోలేదు.
"గిది నా వేలేనా" అంది కాసేపటికి.
తర్వాత నేననుకోని మాట అడిగింది.
"ఇండ్ల సచ్చిపోయిన మొక్కల్ని గూడ రాసిండ్రా సార్?
వాటికి గుంతలు తవ్వినం గద, ఆ కూలి కలుస్తదా?"
కలుస్తుందన్నాను. నిజానికి నాకు తెలియదు.

లెక్క వేశాను. ముప్పై ఎనిమిదేళ్లు.
కాని మస్టరులో పేరున్న రోజులే రోజులు.
బడ్జెట్ రాని ఏళ్లు పోను, చీటీ మీద పని చేసిన
ఎండాకాలాలు పోను, పంతొమ్మిది చిల్లర.
మొత్తం ఎంతో చెప్పాను.
"మోకాలుకు సరిపోతది" అంది.
రెండో మోకాలి సంగతి ఇద్దరం ఎత్తలేదు.
నాకు మార్చిలో రిటైర్మెంటు.
నెలనెలా వస్తుంది, డీఏతో సహా.
స్టాంపు ప్యాడ్ మూత రెండుసార్లు మూశాను.

టీ నెపంతో గేటుదాకా నడిచాను.
ఫుట్‌పాత్ మీద కానుగ,
అది మొక్కగా ఉన్నప్పుడు పెట్టిన ఇనుప గార్డు
ఇప్పుడు బెరడులో సగం మునిగి.
బస్సుకోసం చూడటం మాని ఆమె అక్కడ ఆగింది.
"పెద్దగయినంక తీసెయ్యాలె గద సార్.
గొంతు వట్టుకున్నది, చూడుండ్రి."
రెండు చేతులా ఊపింది. కదల్లేదు.
మెహదీపట్నం బస్సొచ్చింది.

పైకొచ్చి ఒక నోట్ పెట్టాను.
కార్యాలయము ఎదుటి కానుగకు ఊపిరి సలుపుట లేదు,
గార్డు తొలగించుటకు అనుమతి కోరడమైనది.
ఆమె ఫైలూ నా నోటూ ఒకే టపాలో పోయాయి.

ఇనుము మన శాఖది కాదని రాసి
బుధవారం నోట్ తిప్పి పంపారు.
ఫైలు ఇంకా రాలేదు.